ముళ్లకంప అడ్డం పెట్టిన ఊరు

మొన్న మహబూబాబాద్‌లో మా గడప ముందుకు ఒక ముసలావిడ వచ్చి, కొంగున ముడేసి తెచ్చిన కాగితం విప్పి నా చేతిలో పెట్టింది. బయ్యారం గుట్టల నడుమ లోయలోని తండా ఆమెది. చూద్దును కదా, అది యాభై ఏళ్ల కిందట సర్వే కొలువులో నేను నా చేత్తో గీసిన నక్షా జిరాక్సు! పోడు భూమికి పట్టా అడిగితే, పాత నక్షాలో ఆ చోట ‘పాడుబడిన ఊరు’ అని ఉంది కనుక మీరంతా తర్వాత వచ్చినవాళ్లేనని ఆఫీసులో తిప్పి పంపారట. నాకు ఒళ్లు మండిపోయింది, ఆ మంట ఎవరి మీద చూపాలో మాత్రం తెలియలేదు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, వానాకాలంలో జీపు వాగు దాటేది కాదు, అందుకని మా గుట్టల సర్వే అంతా వాగులు ఎండాకే సాగేది. జనగామలో కిరాణా దుకాణం ఇంట పుట్టినవాణ్ణి నేను, స్నానానికి వెళ్లినా గల్లాపెట్టెకు తాళం వేసే తండ్రి కొడుకుని, తాళం లేని తలుపంటే దిక్కులేని ఇల్లనే నా లెక్క. ఈమె తండాలోనేమో ఇరవై గుడిసెలున్నా ఒక్కదానికీ తాళం లేదు, వాకిళ్లకు ముళ్లకంప అడ్డం పెట్టి ఉంది, మనిషన్నవాడు లేడు. అన్నం క్యారియర్ జీపులోనే మరిచి వచ్చిన మా పెద్దసారుకు కిందికి దిగే తొందర. ఆయన రాయమన్నాడు, నేను రాశాను, పైగా అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుంటే పొంగిపోయాను కూడాను!

“తాళమెందుకన్నా? వాగులెండినంక ఊరంత కూలికి మిర్చి ఏరనీకి పోయినం. కంప అడ్డం పెట్టినమంటే మళ్ల వస్తమనే గదా!” అంది ఆమె, అప్పుడు తాళమైనా వేసి పోలేదేమని నేనడిగితే, ఇంత తెలియనివాడికి కొలువెవరిచ్చారన్నట్టు చూస్తూ.

మర్నాడే ఆమె వెంట ఆఫీసుకు వెళ్లి, రాత నాదే, తప్పూ నాదేనని మొత్తుకున్నాను. అక్కడి గుమాస్తా తాపీగా విని, “నిజమే గావచ్చు బాపూ, గిది తప్పని రాసిన కాయితమేమన్న ఉన్నదా?” అన్నాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆ రోజుల్లో ఒక్క గుట్ట ఎక్కి దిగేసరికి అరికాళ్లు బొబ్బలెక్కేవి, ఇప్పుడు ఆ గుమాస్తా కుర్చీలోంచి లేవకుండానే ఆకాశం నుంచి తీసిన ఫొటోలో ఆమె ఇంటి పైకప్పు రేకులు కూడా కంప్యూటర్‌లో చూపించాడు. ఏం లాభం, ఆ ఇంటి మనిషి బల్ల ముందు నిలబడి నోరారా చెబుతున్నా, నమ్మేది నా చేతిరాతనే. అది అంత అందంగా రాయకపోయినా బాగుండేది.