కొసరు కోసం పోగొట్టుకున్న బర్త్‌డే పార్టీ

మా చిన్నప్పుడు... శనివారం అంటే తోటి పిల్లలందరికీ కార్టూన్లు. నాకు మాత్రం చైనాటౌన్. పొద్దున్న ఎనిమిదికల్లా అమ్మ రెండు గుడ్డ సంచులు చంకన పెట్టుకుని గుమ్మంలో తయారు. శాంటా క్లారా నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి గంట డ్రైవ్... కూరగాయల కోసం!

అప్పట్లో మా దగ్గరున్న ఒకే ఒక్క ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ముదిరిపోయి ఉండేవి. పైగా మా అమ్మది కాకినాడ. ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఐస్‌లో పెట్టినదాన్ని ఆవిడ చేప అనదు.

నాలుగో గ్రేడ్‌లో ఉండగా ఒక శనివారం జెస్సికా బర్త్‌డే. ఒంటిగంటకి స్కేటింగ్ రింక్‌లో పార్టీ. ఇండియా నుంచి వచ్చిన రెండేళ్ళలో క్లాసులో ఒకరు నన్ను పార్టీకి పిలవడం అదే మొదటిసారి. వారం రోజులు ఆ ఇన్విటేషన్ కార్డు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

"ఒక్క షాపేనే. పన్నెండింటికల్లా ఇంట్లో ఉంటాం" అంది అమ్మ.

నమ్మాను చూడండి... అదీ నా తెలివి.

చైనాటౌన్‌లో మా అమ్మకి ఒక్క షాపు అన్నది ఉండదు. ముందు పేవ్‌మెంట్ మీద అట్టపెట్టెల్లో కూరగాయలు పోసి అమ్మే కొట్లు. కాకరకాయ, బీరకాయ, చేమదుంప, తోటకూర... అన్నీ లేతగా ఉండేవి, నిజమే. కానీ అమ్మ ప్రతి బీరకాయనీ గోటితో నొక్కి చూసేది. కొట్టాయన కసురుకునేవాడు, నేను సారీ చెప్పేదాన్ని.

తర్వాత ఎండు సరుకుల కొట్టు. గాజు జాడీల్లో ఎండు రొయ్యలు, పుట్టగొడుగులు, మందులకి వాడే ఏవో వేర్లు... నాలుగు జాడీల్లోంచి రొయ్యలు తీయించి, నాలుగూ వాసన చూసి, చివరికి మొదటిదే కొంది. అప్పటికే పదకొండు. బయట నాన్న పార్కింగ్ దొరక్క కార్‌లో ఆ వీధుల చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నాడు.

ఆఖరున చేపల కొట్టు. నేలంతా తడి... గోడ పొడుగునా గాజు తొట్లు, వాటిలో ఈదుతున్న చేపలు. అమ్మ ఒకదాన్ని చూపించింది. కొట్టాయన వలతో పట్టాడు.

"అది కాదు బాబూ, పక్కది."

పక్కది పట్టాడు.

"అబ్బే, ఇది నీరసంగా ఉంది."

మూడోది బల్ల మీద ఎగిరెగిరి పడుతుంటే, అమ్మ దాని మొప్ప ఎత్తి లోపల ఎర్రగా ఉందో లేదో చూసింది!

"అమ్మా! అది బతికే ఉంది!"

"ఉంటే? చూడకుండా ఎలా కొంటామే?"

వెనక లైన్లో పదిమంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆయన చేపని శుభ్రం చేసి, ముక్కలు కొట్టి, కవరు చేతికిచ్చాడు. హమ్మయ్య అనుకున్నాను. అమ్మ కదల్లేదు. కవరు సంచిలో వేసుకుని, మళ్ళీ చెయ్యి చాపింది. కొసరు కావాలట!

"ఇంత చేప కొన్నాం, ఓ కొత్తిమీర కట్టయినా వెయ్యమని అడుగు. అడగందే అమ్మైనా పెట్టదు."

"నేనడగను. ఇక్కడ ఎవరూ అలా అడగరమ్మా... ఇట్స్ సో ఎంబరాసింగ్!"

ఆయన చేతులు తిప్పుతూ ఏదో అరుస్తున్నాడు. అమ్మ చాపిన చెయ్యి దించదు. నేను ఆ తొట్లో దూకేద్దామా అని చూస్తున్నాను.

అప్పుడు మా వెనక నిలబడ్డ చైనా బామ్మ ఒకావిడ అమ్మ చేతినీ, సంచినీ చూసి పకపకా నవ్వింది. తన భాషలో ఆయనకి గట్టిగా ఏదో చెప్పింది. ఆయన గొణుక్కుంటూ బల్ల కింద నుంచి ఓ కట్ట ఉల్లికాడలు తీసి మా సంచిలో పడేశాడు. వాళ్ళ ఊళ్ళ బజార్లలోనూ అలా వెయ్యడం ఉందని నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.

ఇక చూడాలి మా అమ్మ సంబరం... పక్కకి జరిగి ఆ బామ్మతో కబుర్లు మొదలుపెట్టింది. చింతపండు పిసుకుతున్నట్టు చేతులాడిస్తూ ఈవిడ పులుసు చెబుతోంది, తెలుగులో. అల్లం సన్నగా తరుగుతున్నట్టు చూపిస్తూ ఆవిడ ఇంకేదో వంట చెబుతోంది, చైనా భాషలో. పన్నెండయింది. "అమ్మా, టైమవుతోంది." పన్నెండున్నర అయింది. స్వెటర్ పట్టుకుని లాగాను. "అమ్మా, టైమవుతోంది!"

"ఉండవే... పెద్దావిడ చెబుతుంటే మధ్యలో పోతే బావుంటుందా?"

నాన్నని వెతుక్కుని, ట్రాఫిక్‌లో ఈడ్చుకుంటూ రింక్ దగ్గరికి చేరేసరికి మూడు దాటింది. పిల్లలు గిఫ్ట్ బ్యాగులు పట్టుకుని కార్లెక్కుతున్నారు. నేను కారు దిగనే లేదు. ఏడుస్తూ అమ్మ మీద ఒంటికాలి మీద లేచాను.

అమ్మ అంతా విని మెల్లగా అంది. "ఈ దేశం వచ్చాక మీరిద్దరు కాకుండా ఇంకో మనిషితో అంతసేపు మాట్లాడింది ఇవాళేనే..."

"మాట్లాడావా? నువ్వు చెప్పింది ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు!"

"ఆ సంగతి నాకు తెలీదేమిటే?" అంది.

సంచిలోంచి బయటికొచ్చిన ఉల్లికాడల్ని లోపలికి సర్దుకుంది. నేనా మాట ఎందుకన్నానా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది. సారీ మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంటికి పది నిమిషాల దూరంలోనే పెద్ద చైనీస్ సూపర్‌మార్కెట్ ఉంది. అప్పటి మూడు కొట్లూ ఒకే కప్పు కింద... చేపల దగ్గర టోకెన్ తీసుకోవాలి. ముక్కలు ఎలా కొట్టాలో గోడ మీద బొమ్మలుంటాయి, నంబరు చూపిస్తే చాలు. ఎవరితోనూ ఒక్క మాట అక్కర్లేదు. పావుగంటలో బయటపడొచ్చు. నా కూతురు ఇంతవరకు ఏ బర్త్‌డే పార్టీకీ ఆలస్యంగా వెళ్ళలేదు.

పోయిన వారం అమ్మని కూడా తీసుకెళ్ళాను. చేపల కౌంటర్ దగ్గర ఎవరో పెద్దావిడ పక్కన అమ్మ ఆగి, తొట్టి వైపు చూపిస్తూ "ఇది పులుసుకి బావుంటుందండీ..." అని మొదలుపెట్టింది. ఆవిడ కూడా నవ్వుతూ అమ్మ వైపు తిరిగింది. నేను ఫోన్‌లో టైమ్ చూసుకుని, "అమ్మా, టైమవుతోంది" అన్నాను.

ఈసారి వెంటనే వచ్చేసింది.

మీ అమ్మలు ఇంకా కౌంటర్ల దగ్గర అలా ఆగిపోతున్నారా...? ఎక్కడ ఆగుతారో, ఎంతసేపు ఆగుతారో రాయండి. మీకు ఎంత విసుగొచ్చినా సరే, ఆగనివ్వండి.