నిండు ట్యాంకరు ఎవరికోసమూ ఆగదు

మా మనవరాలు మైథిలి ఫార్మసిస్టు. కెనడాలో మేముండే హామిల్టన్‌లో మందుల షాపులే లేనట్టు, ఉత్తరాన మస్కోకా సరస్సుల అవతల ఓ చిన్న ఊరికి వెళ్ళి స్థిరపడింది. అది చాలక అక్కడి వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంటులో చేరింది. పగలు దగ్గు మందు ఇస్తుంది, పేజర్ మోగితే నీళ్ళ ట్యాంకరు నడుపుతుంది. ఆ మధ్య ఫోన్ చేసి, "అమ్మమ్మా, శనివారం మాకు టెస్ట్. ఫెయిలైతే కౌన్సిల్ స్టేషన్ క్లోజ్ చేసేస్తుంది" అంది. ఆ ఊరి వీధుల్లో హైడ్రంట్లు, అంటే మంటలార్పే నీళ్ళ కుళాయిలు, లేవు. రెండు ట్యాంకర్లు సరస్సు నుంచి నీళ్ళు మోసుకొచ్చి పోస్తూ ఉండాలి, గంటసేపు గొట్టంలో ధార తెగకూడదు. అదే పరీక్ష. స్టేషన్ మూసేస్తే, అంటుకున్న ఇల్లు పక్క ఊరి బండి కోసం అరగంటకు పైగా ఎదురుచూడాలి. అంత ఓపిక ఇళ్ళకు ఉండదు. ముప్పై ఏళ్ళు కాలేజీలో ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఎవరైనా పరీక్షకు కూర్చుంటున్నారంటే నేను ఇంట్లో కూర్చోలేను.

హామిల్టన్ నుంచి టొరంటో యూనియన్ స్టేషనుకు ఒక బస్సు, అక్కడి నుంచి ఉత్తరానికి ఇంకొకటి. శుక్రవారం పొద్దున బయల్దేరితే సాయంత్రానికి చేరవచ్చు. సీనియర్లకు టికెట్టులో తగ్గింపు ఉంది, అడగడానికి సిగ్గుపడకండి. టొరంటో శివారు వాన్‌లోని గోదాములు దాటే దాకా కిటికీలోంచి చూడదగ్గదేమీ లేదు. ఆ తరవాత బండరాళ్ళు, పైన్ చెట్లు, వాటి మధ్య మెరిసే నీళ్ళు. దిగేటప్పుడు డ్రైవరు నా పెట్టె అందిస్తూ, "ఈ ఊళ్ళో చూడ్డానికి ఏముంది మేడమ్?" అన్నాడు.

"రేపు ఖాళీ స్థలంలో గంటసేపు నీళ్ళు కొడతారు. అది చూస్తాను."

"ఓహో," అన్నాడు మర్యాదగా. నాకు మతి చలించిందనుకున్నా పైకి కనిపించనివ్వలేదు.

శనివారం పరీక్ష మధ్యాహ్నం. పొద్దున రిహార్సల్. స్టేషన్ వంటగదిలో లొరైన్ అనే పెద్దావిడ గుండిగంత గిన్నెలో చిల్లీ అనే చిక్కుడు గింజల కూర కలుపుతోంది. "ఇందులో మాంసం లేదు కదా?" అని అడిగాను. "కొంచెమే," అంది అభయమిస్తూ. నా పులిహోర డబ్బా నేను తెరుచుకున్నాను. ఆవిడ రుచి చూసి డబ్బా తన వైపు జరుపుకుంది.

మైదానంలో ఈత కొలనంత గుడ్డ తొట్టి పరిచారు. ట్యాంకర్లు అందులో నీళ్ళు గుమ్మరిస్తాయి, పంపు అందులోంచి తోడి గొట్టానికి ఇస్తుంది. సరస్సు దారి రెండు బండ్లు పట్టని కంకర రోడ్డు. అది పెద్ద రోడ్డులో కలిసేచోట నీడ ఉందని మైథిలి నాకు అక్కడ కుర్చీ వేసింది. అందువల్లే అసలు సంగతి నా కంటపడింది. నిండు ట్యాంకరుతో గ్లెన్ సరస్సు నుంచి వస్తున్నాడు. ఆయన ఊళ్ళో ఇనప సామాన్ల కొట్టు యజమాని. ఎదురుగా ఖాళీ ట్యాంకరుతో మైథిలి. ఇద్దరూ ఆగారు. నువ్వు పద అని ఆయన చెయ్యి ఊపాడు. లేదు, మీరే అని ఇది ఊపింది. ఇద్దరూ ఒకేసారి కదిలారు, ఒకేసారి బ్రేకులు వేశారు, కిటికీలు దించి సారీలు చెప్పుకున్నారు. ప్రతి ట్రిప్పులోనూ ఇదే తంతు. అరగంట తిరక్కుండానే తొట్టి అడుగు కనిపించింది, ధార ఆగిపోయింది.

"మూడో ట్యాంకరు లేందే అవదు. కౌన్సిల్ కొనదు," అన్నాడు చీఫ్ డగ్. స్కూలు బస్సు నడిపి రిటైరైన భారీ మనిషి.

"మూడోది కొంటే ముగ్గురు ఆగుతారు," అన్నాను. "మీ తొట్టి ఎండింది నీళ్ళు తక్కువై కాదు, మర్యాద ఎక్కువై."

"అమ్మమ్మా, ప్లీజ్," అని గొణిగింది మైథిలి.

నేను చూసింది చెప్పాను. గ్లెన్ ముఖం ఎర్రబడింది. "ఎదురుగా ఒకళ్ళు వస్తుంటే ఆగకపోతే ఎలాగండీ, బావుండదు కదా?"

"మా గుంటూరులో అయితే ఇద్దరూ ఒకేసారి దూరేవాళ్ళు. అదీ పనికిరాదు. నిండు బండి ఎవరికోసమూ ఆగదు. ఖాళీ బండి కంకర రోడ్డు మొదట్లోనే పక్కకు తప్పుకుని నిలబడుతుంది. చేతులు ఊపడాల్లేవు."

డగ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "రూలు బానే ఉంది. గ్లెన్ ఆగకుండా చూసేదెవరు?"

అందరూ గ్లెన్‌ని చూశారు. గ్లెన్ నన్ను చూశాడు. ఐదు నిమిషాల్లో నా మోకాళ్ళ దాకా వచ్చే నారింజ రంగు జాకెట్టు నా ఒంటి మీద ఉంది.

మధ్యాహ్నం పరీక్ష చేసే ఆవిడ వచ్చింది. నవ్వడానికి విడిగా ఫీజు తీసుకుంటుందేమో అనిపించే మనిషి. మొదటి ట్రిప్పులు సాఫీగా సాగాయి. గంటలో సగం గడిచాక సరస్సు దగ్గర గొట్టంలో నాచు ఇరుక్కుని గ్లెన్‌కు ఆలస్యమైంది. తొట్టిలో జానెడు నీళ్ళే ఉన్నాయని రేడియోలో డగ్ గొంతు. అప్పుడు వచ్చాడు గ్లెన్. ఇటు మైథిలి తన ఖాళీ బండి పక్కకు తీసి ఆగింది. అలవాటు ఎక్కడికి పోతుంది, గ్లెన్ బండి నెమ్మదించింది. కిటికీలోంచి చెయ్యి సగం బయటికొచ్చింది.

"ఆ చెయ్యి లోపల పెట్టు గ్లెన్," అన్నాను, ఆఖరి బెంచీకి వినపడే గొంతుతో.

"సారీ."

"సారీ తరవాత. ముందు నీళ్ళు."

కదిలాడు. తొట్టి మళ్ళీ నిండింది, ధార తెగలేదు. ఆ తరవాతి ట్రిప్పుల్లో గ్లెన్ నా వైపు, మైథిలి వైపు కన్నెత్తి చూస్తే ఒట్టు. గంట ముగిశాక ఆ ఆవిడ గడియారం ఆపి, "పాసయ్యారు," అంది. నవ్వింది కూడా. డగ్ ట్రక్కు బంపరు మీద కూలబడి హెల్మెట్‌తో ముఖం కప్పుకున్నాడు. మైథిలి పరిగెత్తుకొచ్చి నన్ను అమాంతం ఎత్తేసింది, నా నడుము అభిప్రాయం కనుక్కోకుండా. సాయంత్రం అన్ని బండ్లూ సైరన్లు మోగిస్తూ మెయిన్ స్ట్రీట్ చుట్టివచ్చాయి. ముందు ట్యాంకరులో, గ్లెన్ పక్క సీట్లో, నేను.

దారి ఇవ్వడం ఆ ఊరివాళ్ళకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఎవరు ఎవరికి ఇవ్వాలో ముందే తేల్చుకోవాలి, అంతే. కొత్త బండి కొనలేదు, కొత్త మనుషులు రాలేదు, స్టేషన్ నిలబడింది. ఎన్నో ఏళ్ళు ఎంతోమందిని పాస్ చేయించాను కానీ, ఎవరూ నన్ను సైరన్లతో ఊరేగించలేదు. మీరు అటు వెళితే ఒకటి గుర్తుంచుకోండి. ఒంటారియో పల్లె రోడ్ల మీద వెనక మామూలు కారులో పచ్చ లైటు మిణుకుతూ కనిపిస్తే, ఎవరో వాలంటీరు మంట దగ్గరికి పరుగెడుతున్నట్టు. కుడి పక్కకు తీసి ఆగండి. చెయ్యి మాత్రం ఊపకండి, వాళ్ళు తిరిగి ఊపకుండా ఉండలేరు.