జీడితోటలో పరిశోధన నిధి

ఆ రోజుల్లో ప్రభుత్వ జీతమంటే మా వైపు రెండే అర్థాలు: పంతులు ఉద్యోగం గానీ, ఆఫీసు గుమాస్తా గానీ. నేను చేసేది రెండూ కాదు. జియాలజీలో ఎమ్మెస్సీ అయ్యాక, మా ప్రొఫెసరు దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా కుదిరాను. ఉద్దానంలో ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో, అందులో నేల పాత్రా నీటి పాత్రా ఏమైనా ఉందో చూడమని కేంద్రం డబ్బిచ్చింది. ఆ డబ్బు ఉన్నన్నాళ్ళే నా జీతం. (టెక్కలిలో పెళ్ళిచూపులకి వెళ్తే పిల్ల తండ్రి "పర్మనెంటేనా బాబూ?" అని అడిగాడు. "పరిశోధన సాగినంతకాలం" అన్నాను. అప్పటికే ముందు పెట్టిన స్వీటు తిననిచ్చారు గానీ, కాఫీ మాత్రం రాలేదు.)

మా సారు మ్యాపు మీద వేలు పెట్టి, వజ్రపుకొత్తూరు దగ్గర లోతైన గొయ్యి ఒకటి తవ్వాలన్నారు. ఏ పొరలో ఏ మట్టి ఉందో చూసి, వానాకాలం అంతా ఆ గొయ్యిని అలాగే ఉంచి, ఊరే నీటిని పరీక్షించాలి. తరవాత ఢిల్లీ నుంచి కమిటీ వచ్చి చూస్తుంది. గొయ్యి లేకపోతే పరిశోధన అక్కడితో ఆగిపోతుంది, దానితోపాటు నేనూ. అయితే అక్కడన్నీ జీడితోటలే, కాపుకొచ్చిన తోటలో గొయ్యి తవ్వుకోమని ఎవరిస్తారు? అక్కడే తోట ఉన్న మా మేనత్త గుర్తొచ్చింది. పలాస బస్టాండులో నిలబడి, హారన్ల మోతలో ఫోను చేశాను. చదువుకున్నవాడిననే గీర ఒకటి ఉండేది కదా, మామూలుగా మాట్లాడకుండా పత్రికా ప్రకటన చదివినట్టు, "అత్తా! నిధి మంజూరైంది! మీ తోటలో తవ్వాలి! రేపు వస్తున్నాను!" అని అరిచాను.  అవతల అత్త గొంతు బాగా తగ్గించి, "ఎవులికీ సెప్పకు" అంది. సిగ్నలు సరిగ్గా లేదనుకున్నాను.

మర్నాడు పూండిలో రైలు దిగి, ఆటోలో తోటకి చేరేసరికి నాకు కళ్ళు తిరిగాయి. జీడిమామిళ్ళ కింద ఆకులన్నీ ఊడ్చి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టి, నిమ్మకాయలు కోసి కుంకుమ అద్ది ఉన్నాయి. ఎవరికీ చెప్పొద్దన్న అత్తే చెప్పిందో, గాలి చెప్పిందో, చుట్టాలంతా పారలూ గునపాలూ పట్టుకుని నిలబడ్డారు. ముందు వరసలో అత్త మరిది, మా చిన్నమావ. సర్పంచిగా పోటీ చేసి ఓడిపోయినప్పటి నుంచీ ఆయన తెల్లచొక్కా విప్పలేదు.

"నిధి ఒకేపాలి వత్తాదా అల్లుడా?" అన్నాడు చిన్నమావ.

"లేదు మావా, విడతలవారీగా వస్తుంది. మొదటిది వాడి లెక్క చూపిస్తేనే రెండోది."

"లెక్క ఎవులికి సూపాల?"

"పైవాళ్ళకి."

చిన్నమావ ఆకాశంకేసి చూసి భక్తిగా దణ్ణం పెట్టాడు. "మరి మా వాటా?"

"ఇది మీదీ నాదీ కాదు మావా, ప్రజలది. పొరపొరా తీసి సంచుల్లో కట్టి తీసుకెళ్తాను."

"సంచులు మేం కడతాంలే. నువ్వు సెయ్యెట్టకు."

కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టారు. కూలీల కోసం నేను తెచ్చిన డబ్బు నా జేబులోనే ఉండిపోయింది. నేను చెమ్మగిల్లిన కళ్ళతో సారుకి ఫోను చేసి, "సార్, మా ప్రజల్లో శాస్త్రీయ దృక్పథం మీరు స్వయంగా చూడాలి" అన్నాను. (సారు కూడా చాలా సంతోషించారు. ఆ ముక్క మా నివేదికలోనూ ఎక్కింది.)

మధ్యాహ్నానికి ఎర్రమట్టీ ఇసకా దాటి గొయ్యి బాగా లోతుకి దిగింది. నేను లోపల మోకాళ్ళ మీద కూర్చుని గీకుతూంటే, సారు ఉంటుందని ఊహించిన బూడిదరంగు బంకమట్టి తగిలింది. ఒళ్ళు మరిచి "దొరికింది!" అని కేకేశాను. గట్టు మీది జనం మొత్తం నా మీదకి వంగింది. అత్త "ఓలమ్మ, నా తండ్రే!" అంది. నేను రెండు చేతులతో బంకమట్టి ముద్ద పైకెత్తి చూపించాను.

చిన్నమావ వంగి ఆ ముద్దని పార కొసతో పొడిచాడు.

"ఇదేటిరా?" అన్నాడు చిన్నమావ.

"బంకమట్టి మావా."

"నిధేదిరా?"

అప్పుడు వెలిగింది నాకు. నిధి అంటే గవర్నమెంటు పరిశోధనకిచ్చే డబ్బని గోతిలోంచే విన్నవించుకున్నాను. "ఆ ముక్క ముందే సెప్పొచ్చు కాదేటి! పొద్దున్నుంచి ఊరికే తవ్వించినావు!" అని చిన్నమావ పార భుజాన వేసుకున్నాడు. వెనకే చుట్టాలంతా వెళ్ళిపోయారు. నన్ను పైకి లాగడానికి కూడా ఎవరూ ఆగలేదు.

అత్త మాత్రం గట్టు మీద కూలబడింది. "పూడ్సీ. ఇందులో కొబ్బరి మొక్కైనా ఏసుకుంటాను" అంది.  ఉద్యోగం పోతుందన్న భయంతో పొరల గురించీ, లవణాల గురించీ, ఏవేవో చెప్పాను. ఆమె వింటూ వింటూ, "మీ మావకి ఆ రోగం ఎందుకొచ్చిందో ఇందులో తెలుత్తాదా?" అని అడిగింది. డయాలసిస్‌కి తిరిగి తిరిగి మా మావ పోయి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. "తెలీదత్తా. మాకెవరికీ తెలీదు. తెలీదు గనకే డబ్బిచ్చారు" అన్నాను.

అత్త తల ఎత్తింది. "తెలీనోళ్ళకి గవర్మెంటు డబ్బులిత్తాదేటి?"

"ఇస్తుంది. తెలుసుకోమని."

 "వచ్చినోళ్ళందరూ నీళ్ళన్నారు, మందులన్నారు, ఎండన్నారు. ఒకడు మా తిండే మంచిది కాదన్నాడు. తెలీదన్నోడు ఒక్కడూ రానేదు" అంది. ఆ తరవాత చెయ్యి అందించి నన్ను పైకి లాగింది. గొయ్యి పూడ్చమని మళ్ళీ అనలేదు. గొడ్లు పడకుండా చుట్టూ తనే ముళ్ళకంప వేయించింది.

వానలు వెళ్ళాక కమిటీ వచ్చింది. టోపీ పెట్టుకున్న పెద్దాయన గోతిలోకి తొంగిచూసి, "దీనివల్ల మీకేం ఉపయోగమమ్మా?" అని అత్తని అడిగారు.  అత్త "ఇంకా ఏటీ తెలీనేదు బాబూ. మజ్జిలో ఆపెయ్యకండి" అంది. పరిశోధనని పొడిగించారు. మా సారు తన గ్రాఫుల వల్లేనంటారు, నేను కాదనలేదు.

ఇప్పుడు ప్రాజెక్టుల దరఖాస్తులు నేనే రాస్తున్నాను. 'ఆశించే ఫలితాలు' అన్నచోట పేజీలకు పేజీలు ధీమాగా నింపుతాను. తెలీదు అని మాత్రం ఎక్కడా రాయను, రాస్తే ఎవరూ పైసా ఇవ్వరు. ఒళ్ళంతా బంకమట్టితో గోతిలో నిలబడి ఆ మాట అనేసిన కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, వాడంటే కొంచెం అసూయ కూడా. ఉద్దానం వెళ్ళినప్పుడల్లా అత్త కంచంలో చేపల పులుసు పోస్తూ, "తెలిసిందేటి?" అని అడుగుతుంది. కొన్ని తెలిశాయి, అసలుది ఇంకా లేదంటాను.

"డబ్బులిత్తన్నారా మరి?"

"ఇస్తున్నారత్తా."

"ఇచ్చినన్నాళ్ళూ ఎతుకు" అంటుంది. "నానుండగా తెలిత్తే సెప్పు."