దొరకు నీళ్లు పోసే చెయ్యి

మా ఇంటి ఓనరమ్మ పోయిందన్న కబురు ఉప్పల్ మెట్రో మెట్లు ఎక్కుతుంటే తెలిసింది. ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. చాయ్ తాగి కూసున్నది, కూసున్నట్టే..." ఫోన్ పెట్టేసింది. నేను రైలింగ్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ పొద్దున్నే నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే గేటు దగ్గర నిలబడి "జల్ది రా బిడ్డా, ఇయ్యాల మక్క గారెలు జేస్తున్న" అన్న మనిషి. నమ్మమంటే ఎలా నమ్ముతాం?

ఓనరమ్మ అని రాశాను గానీ ఆ మాట ఆవిడ ముందు ఏనాడూ అనలేదు. పెద్దమ్మ అనేదాన్ని. రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చి సామర్లకోట నుంచి నాచారం చేరి, ఆవిడ మేడ మీద పోర్షన్ చూడ్డానికి వెళ్లినప్పుడు పెద్దమ్మ నన్ను అడిగింది ఒక్కటే. "మేకలంటే భయమా బిడ్డా?" లేదన్నాను. నిజంగా నాకు మేకలంటే భయం లేదు. నాకు మొక్కలంటే పిచ్చి. ఆ సంగతి ఆవిడా అడగలేదు, నేనూ చెప్పలేదు, దాంతో వచ్చింది చిక్కంతా.

ఆ మేకపోతు పేరు దొర. పేరుకు తగ్గట్టే ఉండేవాడు. నేను మెట్ల పక్కన వరసగా పెట్టుకున్న గులాబీలు, హబ్సిగూడలో బండివాణ్ణి బతిమాలి తెచ్చుకున్న మల్లెతీగ, కరివేపాకు, అన్నీ దొరవారి ఫలహారమే. మొక్కలు అయిపోతే కిటికీ కర్టెను. కర్టెను అయిపోతే గోడమీది క్యాలెండరు. ఆ ఏడాది మా ఇంట్లో జూన్ తర్వాత నెలల్లేవు. పెద్దమ్మ పండగకు వేయించిన గోడల రంగంతా కొమ్ములతో గీకేశాడు. నా తలుపు కింది చెక్కమీద ఇప్పటికీ గీతలున్నాయి. లోపల మనిషి అలికిడి వింటే చాలు, కొమ్ము ఆనించి టక్ టక్‌మని కొట్టేవాడు, అద్దె వసూలుకొచ్చినట్టు.

నేను ఊరుకునే రకాన్నా? చీపురు తీసుకుని వెంటపడేదాన్ని. "పెద్దమ్మా! మీ దొర నా గులాబీ మొదలంటా తినేశాడు! వాణ్ణి కట్టేస్తారా, నన్ను ఇల్లు ఖాళీ చేయమంటారా?"

ఆవిడ తాపీగా కింది నుంచి చూసేది. "తిన్నడా? అయ్యో. ఫికర్ జెయ్యకు, ఆకు మళ్ల వస్తది." కాసేపటికి గిన్నె పట్టుకుని, మోకాళ్లు నొప్పి అనుకుంటూ మెట్లెక్కి వచ్చేది. సర్వపిండో, గారెలో. "ఆకు మళ్ల వస్తది గని ఇది సల్లారుతది. ముందు తిను, తర్వాత కొట్లాడుదాం" అనేది. తిన్నాక ఏం కొట్లాడతాను, నా మొహం.

అసలు దొర ఆ ఇంట్లో పెరగాల్సినవాడు కాదు. పెద్దాయనకు, అంటే పెద్దమ్మ భర్తకు, గుండె నొప్పి వచ్చి దవాఖానాలో పడ్డప్పుడు, మనిషి ఇల్లు చేరితే బోనాలకు యాటను బలి ఇస్తానని పెద్దమ్మ పోచమ్మకు మొక్కుకుంది. ఆయన ఇల్లు చేరాడు. ఆవిడ మేకపిల్లను తెచ్చింది. బోనాల దాకా మేపాలి కదా అని మేపింది. పేలు పడుతున్నాయని రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర గోరువెచ్చటి నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఎడమ చెయ్యి మెడ మీద ఆనించి, తోక వైపు నుంచి మెల్లగా పోసుకుంటూ ముందుకొచ్చేది. "నిలవడు దొరా, నిలవడు... అయిపాయె, అయిపాయె." వాడు కళ్లు సగం మూసుకుని, మెడ కాస్త కుడికి వంచి, బొమ్మలా నిలబడేవాడు.

ఇక్కడి ఆనవాయితీ తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అమ్మవారికి ఇచ్చే యాట మీద ముందు నీళ్లు చల్లుతారు. అది ఒళ్లు దులిపితే అమ్మ ఒప్పుకున్నట్టు. దులపకపోతే అమ్మకు ఇష్టం లేనట్టు. అప్పుడు కత్తి ముట్టుకోరు.

ఆ బోనాలకు నేనూ వెళ్లాను. గుడి ముందు డప్పుల మోత మధ్య దొర మీద చెంబుల కొద్దీ నీళ్లు పోశారు. వాడు కదిలితే ఒట్టు. రోజూ స్నానం చేసేవాడికి నీళ్లు కొత్తా? జనం ఆశ్చర్యపోతుంటే పెద్దమ్మ చేతులు జోడించి, తలొంచుకుని నిలబడింది. ఒక్కసారి నా వైపు తిరిగి కన్ను గీటింది. నాకు నవ్వు ఆగలేదు, కొంగు నోట్లో కుక్కుకున్నాను. దారిలో అడిగాను, అమ్మవారిని మోసం చేయొచ్చా పెద్దమ్మా అని. "అమ్మకు తెల్వదా బిడ్డా? అన్నీ ఎర్కే. ఎర్కుండే ఊకున్నది" అంది.

ఆ చలికాలంలో పెద్దాయన పోయాడు.

ఊరి నోరు ఊరుకుంటుందా? మొక్కు ఎగ్గొట్టింది, అందుకే అమ్మ మనిషిని తీసుకుపోయిందన్నారు. పెద్దమ్మ దొరకు నీళ్లు పోయడం మానలేదు. కానీ ఒకరోజు కుళాయి దగ్గర చెంబు చేతిలోనే పట్టుకుని కూర్చుండిపోయింది. నన్ను చూసి, "నేనేమన్న తప్పు జేసిన్నా బిడ్డా?" అని అడిగింది. కాదు పెద్దమ్మా, ఆయన గుండె జబ్బు మనిషి అన్నాను. ఆవిడ తలూపింది గానీ వినలేదు. నా నుంచి కాదు ఆవిడకు కావలసిన జవాబు. ఆవిడ పోయేదాకా ఆ ప్రశ్న కళ్లలోనే ఉంది. గారెలు పెడుతున్నప్పుడూ ఉంది, నవ్వుతున్నప్పుడూ ఉంది.

ఆవిడను మట్టి చేసి వచ్చాక పెద్దలంతా వాకిట్లో కూర్చున్నారు. పెద్దమ్మ మరిది, ఆ ఇంటికి ఇక పెద్ద దిక్కు, దొర వైపు చూసి అన్నాడు. "దినాలకు యాట గావాలె. ఇంట్లనే ఉన్నది గద."

పెద్దమ్మ కూతురు ఏడుపు ఆపి లేచింది. "అమ్మ పానం బాబాయ్ అది!"

"నాకు తెల్వదా? మరి ఏం జేద్దమంటవ్ బిడ్డా? మేడిపల్లిల నీ మూడో అంతస్తు ఇంట్ల పెట్టుకుంటవా? అమ్మోరి పేరు మీద ఉన్న యాట, మొక్కు గట్లనే మిగిలింది. అమ్మోరిని అడగకుంట కొయ్య. దినాల పొద్దున నీళ్లు పోద్దాం. ఒళ్లు దులుపుతే దులిపినట్టు, లేకుంటే ఇడిసిపెడదాం."

ఆయన అన్యాయమేమీ అనలేదు. అయినా ఆ రోజు దొర ఒళ్లు దులపకుండా చూడాలనుకున్నాను. మర్నాడు పొద్దున్నే కిందికి దిగాను. కుళాయి దగ్గర పెద్దమ్మ బకెట్ బోర్లించి ఉంది. నీళ్లు కాచి, చీర ఎగ్గట్టి, ఆవిడ లాగే ఎడమ చెయ్యి మెడ మీద పెట్టి, తోక వైపు నుంచి పోశాను. "నిలవడు దొరా, అయిపాయె" అని నా గోదావరి యాసలో ఆవిడ మాటలే అన్నాను. వాడు ఒళ్లంతా కొరడాలా దులిపాడు. నా మొహం నిండా నీళ్లు. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. నా గులాబీలన్నీ మింగిన ఆ వెధవ జీవాన్ని కావలించుకుని, ఒక్కసారి నిలబడరా నాయనా అని ఏడ్చాను. వాడు మాత్రం చెవులు రిక్కించి ఖాళీ వరండా వైపు చూసేవాడు.

ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. తలుపు దగ్గర టక్ టక్‌మంటే వెనకాల ఆవిడ గిన్నె పట్టుకుని నిలబడి ఉంటుందనిపించేది. తీస్తే దొర ఒక్కడే. లోపలికి రాడు, ఏమీ తినడు. నా పక్కగా లోపలికి చూసి వెళ్లిపోయేవాడు.

దినాల పొద్దున దొరను వాకిట్లోకి తెచ్చారు. మరిది చెంబు ఎత్తాడు. కుళాయి చన్నీళ్లు, పసుపు కలిపినవి, వేపరెమ్మ వేసినవి. మెడ మీద ఎవరి చెయ్యీ లేదు. తిన్నగా తల మీదే పోశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

ఎంతకీ చప్పుడు లేదు. కళ్లు తెరిచాను. దొర బొమ్మలా నిలబడి ఉన్నాడు. కళ్లు సగం మూసుకుని, మెడ కాస్త కుడికి వంచి. మరిది మళ్లీ పోశాడు. మళ్లీ పోశాడు. నీళ్లు గడ్డం నుంచి బొట్లు బొట్లుగా కారుతున్నాయి గానీ వాడు కదల్లేదు. వాడి మెడ మీద వెంట్రుకలు ఒక్కచోట అరచేతి మేర అణిగి ఉన్నాయి. నీళ్లకే అణిగి ఉంటాయి. అలాగే అనుకుంటున్నాను.

మరిది చెంబు కింద పెట్టాడు. "వదిన వద్దంటున్నది. ఇడిసిపెట్టున్రి" అన్నాడు. దొర తాపీగా వరండా ఎక్కి, పెద్దమ్మ ఫోటోకు వేసిన బంతిపూల దండను ఒక్కొక్క పువ్వే తినడం మొదలుపెట్టాడు. ఎవరూ అదిలించలేదు. తప్పు చేశానా అని అడిగింది కదా పెద్దమ్మ. తప్పు కాదన్న ఆ ఒక్క మాట చెవిన వేయడానికి ఆవిడే లేకపోయిందే అని నాకు దుఃఖం ఆగలేదు.

పెద్దమ్మ కూతురు దొరను నాకు అప్పగించి వెళ్లింది. ఇప్పుడు మెట్ల మీద కుండీల్లో మట్టే ఉంది. కొత్త కర్టెన్లు కొనడం మానేశాను. రోజూ పొద్దున్నే నీళ్లు నేనే పోస్తున్నాను, వాడు రోజూ దులిపి నన్ను తడిపేస్తున్నాడు. కానీ ఎప్పుడైనా ఒక పొద్దున, మొదటి చెంబు పడగానే, వాడు కళ్లు సగం మూసుకుని మెడ కుడికి వంచుతాడు. అప్పుడు నేను మెడ మీది నుంచి చెయ్యి తీసేసి, చెంబు బకెట్‌లో వదిలి, కాస్త పక్కకు జరిగి చోటిస్తాను.