తలకట్టు లేని సీసాలు

సునామీ వచ్చి పదేళ్లు దాటిన ఏడు, వానలకు ముందు మాట ఇది. పోర్ట్ బ్లెయిర్‌లో అబర్డీన్ బజార్ వెనక సందులో నాకు కబాడీ దుకాణం ఉండేది. పాత సామాన్లు కొని, రకాలుగా విడదీసి, ఓడలో మెయిన్‌లాండ్‌కు పంపడం పని. దుకాణం ఎంత పాతబడినా ఎవరూ గమనించరు, అదే మా వ్యాపారంలో సుఖం.

నీళ్ల సీసాను మేం పెట్ అంటాం. దాని మూతది వేరే ప్లాస్టిక్, హెచ్‌డి. ముక్కలు చేసి తొట్టిలో వేస్తే పెట్ మునుగుతుంది, హెచ్‌డి తేలుతుంది. మూత బిగించిన సీసా మాత్రం ఏ దేశం నుంచైనా తేలుతూ వచ్చేస్తుంది. ఇది తెలిసి కూడా ఆ రోజు నాకు బుర్ర వెలగలేదు.

బస్సులో గంట దూరంలో ఒక చిన్న తీరం. అక్కడి ఆడవాళ్లు ఆదివారం ఆదివారం ప్లాస్టిక్ ఏరేవారు. వాళ్లకు పెద్ద సుమిత్రా దీదీ. స్వాతంత్ర్యం వచ్చాక సర్కారు భూములిచ్చి దింపిన బెంగాలీ కుటుంబం ఆమెది. ఎంత ఏరినా వారం తిరిగేసరికి మళ్లీ అన్నే సీసాలు. సరుకు తీసుకుపొమ్మని నన్ను పిలిచి, చదవమని ఒక సీసా చేతిలో పెట్టింది.

"పఢో భయ్యా. మీ తెలుగేగా?"

గుండ్రటి అక్షరాలు. తీరాన ఉన్న పడవలు మా తెలుగువాళ్లవి. వాళ్లే పారేస్తున్నారని ఊరు తేల్చేసింది. ఇక వాళ్లు ఎండుచేపలు ఆరబెట్టే చోటు ఖాళీ చేయించడమే మిగిలింది. ఆ చోటు అప్పాయమ్మది. మొగుడు సముద్రంలో పోయాక ఆమె బతుకంతా ఆ నాలుగు బారల ఇసుకమీదే.

"సదువు బాబూ," అంది అప్పాయమ్మ. "మా కుర్రోల్లకి ఇందీ తప్ప రాదు. నాకు ఏదీ రాదు. నువ్వు సదివినోడివి గదా."

నేను చదివింది మూడో తరగతి. అదీ సగం. కళ్లు చికిలించి చూశాను, సీసా తిప్పి చూశాను, ఎండ తగులుతోందని నీడలోకి వెళ్లి చూశాను. ఒక్క అక్షరం తెలియలేదు. రాదంటే నా పరువు పోతుంది. తెలుగేనంటే ముసలమ్మ చోటు పోతుంది.

అప్పుడు మా మాస్టారు గుర్తొచ్చారు. నా పలక చూసినప్పుడల్లా అడిగేవారు: "తలకట్టు లేదేంరా? నీ అక్షరాలన్నిటికీ గుండు కొట్టించావా?" ఆ గుండు బాధ పడలేకే బడి మానేశాను. సీసామీద వెతికాను. తెలుగులో నాలుగు మాటలు రాస్తే ఎక్కడో ఒకచోట తలకట్టు పడక తప్పదు. ఇక్కడ ఒక్కటీ లేదు. అన్నీ గుండ్లే.

"దీదీ, ఇది తెలుగు కాదు."

"మరేమిటి?"

"అది తెలీదు. కాదని మాత్రం తెలుసు."

"నీ వాళ్లని నువ్వు వెనకేసుకొస్తున్నావు."

"అయితే నా మాట నమ్మకు. నాతో బస్సెక్కు."

ఫీనిక్స్ బేలో దీవుల మధ్య తిరిగే ఓడల్లో పనిచేసే ఒక కరెన్ తెగ మనిషి నాకు తెలుసు, మాయాబందర్ వైపువాడు. వాళ్ల పెద్దలు బర్మా నుంచి వచ్చినవాళ్లు. సీసా చూసి నవ్వాడు. "ఇది బర్మా రాత. తాగే నీళ్లని ఉంది. తెలుగని ఎవరన్నారు?" నేను బస్సు టికెట్ వెనక నా పేరు తలకట్లు పెట్టి రాసి చూపించాను. "ఓహో, మా అక్షరాలకి మీరు టోపీలు పెట్టారన్నమాట."

సుమిత్రా దీదీ బస్సులో తిరుగు ప్రయాణమంతా ఆ సీసాను ఒళ్లోనే పెట్టుకుంది. 

మరుసటి ఆదివారం రకాన్ని బట్టి కాదు, రాతను బట్టి కుప్పలు పోయించాను. తలకట్టు లేనివి ఒకవైపు, ఉన్నవి ఒకవైపు. మొదటి కుప్ప నా నడుము దాకా వచ్చింది. రెండోది చిన్నదే, కానీ ఉంది. అందులోంచి ఒక కవరు తీసి కూడబలుక్కున్నాను. "ఆ... వ... కా..."

"సాల్లే బాబూ, సదవకు," అంది అప్పాయమ్మ. "అది నాదే. వైజాగ్ ఓడలో మా సెల్లెలు పంపింది." కవరు లాక్కుని కొంగున ముడేసుకుంది.

ఊరంతా నవ్వబోయింది. అప్పుడే సుమిత్రా దీదీ వంగి, ఏ కుప్పలోనూ పడక మిగిలినవాటిని చూసింది. ఊరి కొట్టులో అందరూ కొనే సబ్బుపొడి కవర్లు, బిస్కెట్ కాగితాలు. అన్నిటి మీదా అక్షరాల నెత్తిన పొడుగాటి గీత. హిందీ.

"ఇవి మావి," అంది. మూడో కుప్ప తనే మొదలుపెట్టింది.

అప్పాయమ్మ చోటు ఆమెకే ఉంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం గోనెసంచితో అందరికంటే ముందు ముసలమ్మే వచ్చేది, వచ్చి హిందీ కుప్ప ఎంత పెరిగిందో ముందు చూసుకునేది.

ఇన్నేళ్ల కబాడీలో ఏ సరుకునైనా మునిగేదా తేలేదా అని చూడటమే నేర్చుకున్నాను. అది ఎవరిదో చెప్పేముందు ఇంకోసారి తిప్పి చూడాలని ఆ తీరంలో తెలిసింది. తెలియనిది తెలియదని చెప్పినా మనిషి పరువు మునగదని కూడా. మాస్టారు ఉంటే చెప్పేవాణ్ని, సగం మూడో తరగతితో ఒక ముసలమ్మ చోటు నిలబడిందని. ఆయన మాత్రం ముందుగా నా తలకట్టు దిద్దేవారు.