అంజినమ్మ గెలిచిన గురువారం

స్కూలు పెద్ద మేడమ్ బల్ల మీద అంజినమ్మ తన ఫ్యాక్టరీ సెలవుల పట్టీ పరిచి, ఫ్యాను గాలికి లేవకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. అది తొంభైతొమ్మిదో సంవత్సరం జులై నెల, గురువారం, పొద్దున పదిన్నర. నాకు ఆ గదిలో ఏ పనీ లేదు. స్కూలు పక్కనే పిండిమర ఉంటే రాగులు ఆడించుకోవడానికి పోతున్నాను. ఒక్క నిమిషం రా పెద్దమ్మా, పక్కన ఒక మనిషి ఉండాల అని చెయ్యి పట్టి లోపలికి లాక్కుపోయింది. ఆ ఒక్క నిమిషం గంటంబావు అయింది. అంతసేపూ రాగుల మూట నా ఒళ్ళోనే ఉంది.

జగడం ఇదీ. అంజినమ్మ కూతురు సుమ నాలుగో తరగతి చదువుతోంది. స్కూలు బ్యాండులో డ్రమ్ము వాయించడానికి ఆ పిల్లను తీసుకున్నారు. ఉన్నవి మూడు డ్రమ్ములు, కావాలని ఏడ్చే పిల్లలు పదిమంది. అందుకని స్కూలువాళ్ళు ఒక కట్టుబాటు పెట్టారు. నెలనెలా జరిగే మీటింగుకు తల్లో తండ్రో వచ్చిన పిల్లలకే డ్రమ్ము. మీటింగేమో శనివారం. కలవాళ్ళుండే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ నుంచి వ్యానులో వచ్చే పిల్లల తల్లిదండ్రులకు అది సుఖంగానే ఉంది. అంజినమ్మకు శనివారం ఫ్యాక్టరీ. జూన్‌లో పోలేదు, జులైలో పోలేదు. ఈ తరగతి అయ్యేలోగా ఇంకొక్క నెల తప్పినా డ్రమ్ము వేరే పిల్లకు ఇస్తామని డైరీలో ఎర్ర సిరాతో రాసి పంపారు.

ఆ రోజుల్లో కరెంటు చాలక, మా బొమ్మసంద్రలో ఒక్కో వరస ఫ్యాక్టరీలకు వారంలో ఒక్కో రోజు సెలవు ఇచ్చేవారు. అంజినమ్మ పనిచేసే స్విచ్చుల ఫ్యాక్టరీ వరసకు గురువారం. ఊరంతా ఆదివారం తలంటుకుంటే మా వఠారం గురువారం తలంటుకునేది.

పెద్ద మేడమ్ సత్యభామ చిత్తూరు వైపు ఆవిడ. మెత్తగా మాట్లాడుతుంది, ఒక్క అంగుళం కదలదు. ఒక పూట సెలవు పెట్టుకోమంది. తాను లేస్తే స్విచ్చులు జరిగిపోయే బెల్టు ముందు పదకొండుమంది చేతులు కట్టుకుని కూర్చోవాలని అంజినమ్మ చెప్పింది. అయితే భర్తను పంపమంది. ఓబళప్ప టెంపో తోలుతాడు, శనివారమంటే నగర్తపేట బజారులో సరుకు ఎత్తే రోజు, సందులో బండి ఇరుక్కుంటే మధ్యాహ్నానికిగాని బయటపడదని చెప్పింది. మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, అందరికీ ఏదో ఒక ఇబ్బంది ఉంటుందమ్మా, స్కూలు ఏం చేస్తుంది అంది. అప్పుడు అంజినమ్మ గొంతు తగ్గించింది. ఆమె గొంతు తగ్గిస్తే ఎదుటివాళ్ళ పని అయిపోయినట్టే. మా వఠారంలో అందరికీ ఆ సంగతి తెలుసు.

"ఆదివారం నేనొస్తే మీరు స్కూలు తీస్తారా మేడమ్?"

"ఆదివారం మాకు సెలవు కదమ్మా."

"మాకు గురువారం రజా. శనివారం మీకూ పని, నాకూ పని. నా పని ఇడిసిపెట్టి రమ్మంటా ఉండారు. గురువారం మీకు పని, నాకు రజా. నా రజా పోగొట్టుకొని వస్తానంటా ఉండాను. మీ పనిలో మీరు కూర్చునేదానికి ఏం కష్టమో చెప్పండి, వింటాను."

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. పట్టీ చూసింది, గోడ మీద క్యాలెండరు చూసింది, ఎందుకో నా మూట వైపు కూడా చూసింది. చివరికి నెలకు మూడో గురువారం, పది నుంచి పన్నెండు దాకా ఫ్యాక్టరీ తల్లిదండ్రులకు వేరే మీటింగు పెడతానంది. ఒక్క మనిషి కోసం పెట్టలేను, పదిమందిని తీసుకురా అంది.

అంజినమ్మ గెలిచింది. ఆ గెలుపు మా అందరి ప్రాణం మీదికి వచ్చింది.

ఆమె మా వఠారంలో మూడో గదికి అద్దెకు వచ్చి అప్పటికి ఆరేళ్ళు. మడకశిర పక్క పల్లె. ఏడు దాకా చదివింది. సన్నటి మనిషి, వేళ్ళు మాత్రం గట్టివి. రోజంతా స్విచ్చుల్లో స్ప్రింగులు బిగించే వేళ్ళు మరి. కుళాయి దగ్గర వరస తప్పితే ఊరుకోదు, రేషను కొట్టువాడు కాటాలో వేలు పెడితే ఊరుకోదు. నేను ఇల్లుగలదాన్ని, నాతోనూ ఊరుకోదు. బాత్‌రూము తలుపు గడియ కోసం నాలుగు నెలలు నా వెంట పడి వేయించుకుంది. మంచి గడియే, ఇప్పటికీ ఉంది. ఆ నాలుగు నెలలు నేను పడ్డది నాకు తెలుసు.

ఇంత పట్టు ఎందుకే నీకు, ఆ డ్రమ్ము వాయిస్తే నీ కూతురికి ఉద్యోగమిస్తారా అని ఒకసారి అడిగాను. బట్టలు పిండుతూ చెప్పింది. తనను ఏడో తరగతితో మాన్పించినప్పుడు బడికి పోయి చెప్పినవాళ్ళు లేరట. పిల్ల ఏమైందని అయ్యవారూ అడగలేదట.

"మేకపిల్ల తప్పిపోతే మూడూర్లు తిరిగినారు పెద్దమ్మా మావోళ్ళు. నేను బడిలో లేకపోతే యాడికి పోయిందని ఎవురూ అడగల్యా. సుమ పేరు పిలిస్తే ఆ పిల్ల తరఫున ఒక చెయ్యి లేవాల. అంతే."

నేను పోయి పొయ్యి చూసుకున్నాను.

పదిమందిని పోగు చెయ్యడం చూడాలి ఇక. గురువారం సెలవుండే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ పిల్లలు ఆ స్కూల్లో ముప్ఫైమంది దాకా ఉన్నారు. ఎవరింటికి పోయినా ఒకటే పాట. వారానికి ఒక్క రజా, బట్టలున్నాయి, నీళ్ళున్నాయి, నిద్ర ఉంది. పెయింటు ఫ్యాక్టరీ చిక్కమునియప్ప, ఫీజు కట్టేది మేమే, పోయి కూర్చునేదీ మేమేనా, ఇంక టీచర్లెందుకు అన్నాడు. నన్నడిగితే ఆయన మాట తప్పు కాదు. కానీ అంజినమ్మ ఆయన గుమ్మంలో గంట కూర్చుంది. ఆయన భార్య తట్టుకోలేక తానే వస్తానంది. రెండో గదిలో ఉండే చిక్కమ్మ, బట్టలు ఉతికేవాళ్ళుంటే వస్తానని ఎగతాళికి అంది. అంజినమ్మ ముందురోజు సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి చిక్కమ్మ ఇంటి దుప్పట్లు నాలుగు ఉతికి తీగ మీద ఆరేసింది. చిక్కమ్మ సిగ్గుతో చచ్చి మీటింగుకు పోయింది. పరాయి ఇంటి దుప్పట్లు ఉతికి మీటింగు నడిపించే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

అంతా చేస్తే ఆగస్టు మూడో గురువారానికి తేలింది తొమ్మిదిమంది. పదో మనిషిని నేను. నాకు ఆ స్కూల్లో పిల్లల్లేరు, మనవలు లేరు. సుమకు అవ్వ లెక్క అని చెప్పి కూర్చోబెట్టింది.

ఆ రోజు ఒక కుర్ర టీచరు లేచి, తల్లులు రోజూ ఒక గంట పిల్లల పక్కన కూర్చుని చదివించాలి అని చెప్పింది. పొద్దున ఆరుకు పొయ్యి వెలిగించి, ఎనిమిదికి బెల్టు ముందు నిలబడి, సాయంత్రం కుళాయి దగ్గర బిందె పెట్టి వచ్చిన తల్లులు తలలూపుతున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ గంటసేపు వాళ్ళ పొయ్యి దగ్గర ఎవరు కూర్చుంటారు, నువ్వొస్తావా అని అడిగాను. అడిగిందాన్ని అంతటితో ఆపలేదు. పెద్ద మేడమ్ అడ్డం వస్తే, మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారో చెప్పి తర్వాత మాట్లాడమన్నాను. చిక్కమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. మేడమ్ లేచి వెళ్ళిపోయింది. పదకొండున్నరకే మీటింగు ముగిసింది.

తిరుగుదారిలో అంజినమ్మ నాకంటే పది అడుగులు ముందే నడిచింది. ఆ తర్వాత మూడు గురువారాలు స్కూలుకు పోయి, వాళ్ళకు చార్టులకు అట్టలు కత్తిరించి, బ్యాండు పిల్లల టోపీలకు బొత్తాలు కుట్టి, మేడమ్‌తో చెడిన సంబంధాన్ని మళ్ళీ అతికించుకొచ్చింది. నేను అన్నదాంట్లో తప్పేముందో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

అతుకు బాగానే పడింది. దసరా దాటాక పదిహేనుమంది వచ్చారు, డిసెంబరుకు ముప్ఫై. చిక్కమునియప్ప ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో కూర్చున్నాడట. సుమ డ్రమ్ము సుమకే ఉంది. అది స్కూల్లో ఉండే డ్రమ్ము, ఇంటికి ఇవ్వరు. అందుకని ఆ పిల్ల ఇంట్లో నా నీళ్ళ బకెట్టు బోర్లించి రెండు గరిటెలతో సాధన చేసేది. జనవరి ఇరవై ఆరుకు పెరేడులో ముందు వరసలో నడవాలట. ఆ రోజు అన్ని ఫ్యాక్టరీలకూ సెలవే, తల్లి వచ్చి చూస్తుంది. ఈ రెండు ముక్కలు రోజూ నాకు చెప్పడం, బకెట్టు మీద దబదబ కొట్టడం. అడుగు సొట్టపోయింది. కొత్త బకెట్టు కొనివ్వమని అడుగుదామనుకున్నాను. పిల్ల తాళం మాత్రం తప్పడం లేదు, ఊరుకున్నాను.

రెండువేల సంవత్సరం వచ్చింది. జనవరి మొదటి వారంలో ఫ్యాక్టరీ గేటు దగ్గర కొత్త సెలవుల పట్టీ అంటించారు. అంజినమ్మ వాళ్ళ షెడ్డు వరసకు గురువారం తీసేసి మంగళవారం ఇచ్చారు. రోడ్డుకు అవతల వరసకు గురువారమే ఉంచారు.

చూడండి ఈ అన్యాయం. మీటింగు గెలిచింది ఈమె. దుప్పట్లు ఉతికింది ఈమె. రోడ్డుకు అవతలవాళ్ళంతా, పెయింటు ఫ్యాక్టరీ చిక్కమునియప్పతో సహా, గురువారం దర్జాగా పోయి కూర్చుంటారు. ఈమె చెయ్యి మాత్రం బెల్టు మీద ఉంటుంది. జనవరి మూడో గురువారం ఇరవయ్యో తేదీ. ఆ రోజు సుమ పేరు పిలిచినప్పుడు ఎవరూ లేవకపోతే, పెరేడు ఆరు రోజులుందనగా డ్రమ్ము వేరే పిల్ల చేతికి పోతుంది. ఆ పిల్ల తల్లి డిసెంబరు నుంచే కాచుకుని ఉంది. ఓబళప్ప ఆ వారం హుబ్బళ్ళికి లోడు ఎత్తుకుపోయాడు. ఉన్నా ఏమంత లాభం లేదు. అక్టోబరులో ఒకసారి పంపితే మీటింగులో గుర్రుపెట్టి నిద్రపోయాడు.

పద్దెనిమిదో తేదీ మంగళవారం, కొత్త రజా రోజున, అంజినమ్మ మళ్ళీ పట్టీ చుట్ట చుట్టుకుని స్కూలుకు పోయింది. ఈసారి నన్ను పిలవలేదు. వచ్చి కుళాయి గట్టు మీద కూర్చుంది.

మేడమ్ అరవలేదట, కసురుకోలేదట. ఒక్క మాట అడిగిందట. "నువ్వే గదా గురువారం కావాలన్నావు. ఇప్పుడు ముప్ఫైమంది గురువారానికి అలవాటు పడ్డారు. ఒక్క నీ కోసం వాళ్ళను మంగళవారం రమ్మంటే, జులైలో నాతో వేసుకున్న జగడం నీ మీదే వాళ్ళు వేసుకోరా?"

అంజినమ్మ పట్టీ మళ్ళీ చుట్ట చుట్టుకుని లేచి వచ్చేసిందట. ఆమె జగడం మధ్యలో వదిలి రావడం ఆరేళ్ళలో అదే మొదలు. చూస్తే నాకే ఏదోలా అయింది. ఆమెను తిడదామని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను.

బుధవారం సాయంత్రం షిఫ్టు దిగి, సంచి కూడా కింద పెట్టకుండా నా గుమ్మం దగ్గరికి వచ్చింది. సుమ వెనకాలే నిలబడింది, చేతుల్లో గరిటెలు.

షిఫ్టు దిగి నేరుగా మళ్ళీ స్కూలుకు పోతే, మేడమ్ చివరకు ఒక దారి ఇచ్చిందట. తల్లీ తండ్రీ కాకపోయినా ఇంటి పెద్ద ఎవరైనా వచ్చి చెయ్యెత్తితే చాలునంది. ఎవరిని పంపుతావని అడిగితే, అవ్వను అని అంజినమ్మ చెప్పింది. మేడమ్ చాలాసేపు గోడ మీద క్యాలెండరు చూసిందట. ఆమె తప్ప ఇంకెవరైనా లేరా అని అడిగిందట.

"లేరని చెప్పినా పెద్దమ్మా," అంది అంజినమ్మ. "నీ తరఫున నేను మాటిచ్చి వచ్చినా."

ఏం మాటిచ్చావని అడిగాను.

ఆమె గొంతు తగ్గించింది.

"రేపు పది గంటలకు పోయి ముందు వరసలో కూర్చో. సుమ పేరు పిలిస్తే చెయ్యెత్తు. పన్నెండు దాకా లేవద్దు. వాళ్ళు ఏమన్నా అననీ, చదివించమననీ, వంట మానమననీ, నువ్వు మాత్రం ఒక్క మాట మాట్లాడద్దు. నీకు ఏమన్నా అనాలనిపిస్తే మనసులో పెట్టుకొని వచ్చి నాకు చెప్పు. వచ్చే మంగళవారం నేను పోయి అనేసి వస్తాను."