ఇసుకతో తలుపేసుకునే జర్బూ

ఈమధ్య ఈ అరబ్బు దేశంలో, మేముండే గలాలీలో, మా వీధి పక్కన పైపుల కోసం తవ్వుతుంటే, కాస్త ఉప్పదనం కలిసిన పొడి ఇసుక వాసన కిటికీలోంచి లోపలికొచ్చింది. చేతిలో పని వదిలేసి అలాగే నిలబడిపోయాను. నా చిన్నతనమంతా ఆ వాసనలోనే గడిచింది.

అప్పట్లో మా అద్దె ఇంటి వెనక పెద్ద ఖాళీ జాగా ఉండేది. వేసవిలో పొద్దుగూకి, అమ్మ వేయించే పల్లీల వాసన వాకిట్లోకి వచ్చే వేళకు అక్కడ జర్బూ బయటికొచ్చేది. అదొక ఎడారి ఎలుక. పిడికిలంత ఒళ్లు, ఒంటికి మించిన తోక, తోక చివర కుచ్చు, ముందుకాళ్లు ఉన్నాయో లేవో అన్నట్టు రొమ్ముకు ముడుచుకుని వెనక కాళ్ల మీదే గంతులేసేది. తెల్లారేసరికి బొరియలో దూరి, లోపలి నుంచి ఇసుక తోసి తలుపు మూసుకునేది. ఆపైన ఎంత వెతికినా అంతా ఒకే నేల. అంత ఎండల్లో గింజలూ వేళ్లూ తిని, నీళ్ల ఊసే లేకుండా బతికే ఆ ప్రాణి అంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. అమ్మ మాత్రం ఊళ్లో పిట్టలకు పెట్టినట్టు రోజూ గిన్నెలో నీళ్లు పెట్టేది. పిచ్చుకలు తాగేవి, జర్బూ అటు చూసేది కూడా కాదు. "దీనికి గింత పొగరేందే!" అని అమ్మ నవ్వేది.

ఒకనాడు ఆ జాగా చదును చేసే పని మా నాన్నకే పడింది. ఆయన మట్టి తోసే మెషీన్ నడిపేవాడు. జర్బూ నలిగిపోతుందని నేను అన్నం ముట్టలేదు. నాన్న జగిత్యాల దగ్గరి మా ఊళ్లో పందికొక్కులను పొగబెట్టి పట్టిన మనిషి. "ఏడ్వకు బిడ్డా, పొగ వెడితే అదే బయటికొస్తది" అని, మర్నాడు డ్యూటీకి ముందు, తెరిచి ఉన్న బొరియ దగ్గర ఎండు ఖర్జూర మట్టలు ముట్టించాడు. మా కళ్లు మండాయి తప్ప ఏమీ రాలేదు. "ఇండ్ల లేదు, ఎటో పోయింది" అన్నాడు. జర్బూ ఉన్న ఇంటికి తలుపు తెరిచి ఉండదన్న సంగతి ఆ కంగారులో నాకూ తట్టలేదు.

ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ కేకేశాడు. నేను డాబా ఎక్కి చూస్తున్నాను. మెషీన్ కదిలి నేల అదిరిందో లేదో, మేం పొగబెట్టిన చోటికి చాలా అవతల, ఏమీ లేని నేలను పగలగొట్టుకుని జర్బూ పైకెగిరింది. పైన పలచని ఇసుక పొర మాత్రం మిగిల్చి, వెనక దారి ఎప్పుడో తవ్వి పెట్టుకుంది, గడుసుది! కుడికీ ఎడమకీ మళ్లుతూ గంతులేసి, సముద్రం వైపు ఖాళీ నేలలోకి పోయింది. నాన్న మెషీన్ ఆపి చప్పట్లు కొట్టాడు.

"అరె, మనకంటే హుషారున్నది బిడ్డా!"

సముద్రం వైపు నేలంతా ఇప్పుడు విల్లాలే. జర్బూ అంటే మా పిల్లలు ఫోన్‌లో వెతికి చూస్తారు. అప్పుడు జర్బూ పారిపోయి నెల తిరక్కముందే ఆ నేలనూ చదును చేసింది మా నాన్నే. ఆ పని సాగినన్నాళ్లూ ఇంటికి రాగానే పడుకునేవాడు. అక్కడ జర్బూ కనబడిందా అని నేను అడగలేదు.